చక్రం కింది చెక్క

తిరువారూరులో తేరు కదిలే రోజు
అందరి కళ్ళూ కలశం మీదే.
మా నాన్న కళ్ళు మాత్రం నేలమీద.

పేరు కలియపెరుమాళ్.
పని, చక్రానికీ దారికీ మధ్య చెక్క పెట్టడం.
అంతే.
మా తాత పనీ అదే.

చింతచెక్క. ఏడాది ముందే కోసి
మేకల కొట్టంలో నీడపట్టున ఆరేసి
బాడిశతో ఒకవైపు ఏటవాలుగా చెక్కుతాడు.
ఆముదం రాస్తే చక్రం జారుతుంది,
రాయకుంటే మొరాయిస్తుంది.
ఎక్కడ రాయాలో అడిగితే
అరచెయ్యి చూపిస్తాడు.
ఆ చేతికి రెండు వేళ్ళు లేవు.
ఏ ఏడు పోయాయి నాన్నా అంటే
"తెర్కు వీధి మొదటి మలుపు" అంటాడు.

ఆ మలుపు దగ్గరే
మోకులు బిగిసి మూలుగుతాయి.
"ఆరూరా! త్యాగేశా!"
అంత ఎత్తు తేరు
తిన్నగా మిఠాయి కొట్టులోకే పోతానంటుంది.
అప్పుడు వంగి
పాదం వెనక్కి లాక్కుంటూనే
చెక్క విసురుతాడు.
ఒక పెళపెళ.
దేవుడు మెల్లగా పక్కకి తిరుగుతాడు.
దణ్ణాలన్నీ పైకి పోతాయి.

తిరుచ్చి నుంచి వచ్చి బ్రేకులు బిగించారు ఆమధ్య.
కుర్ర ఇంజనీరు నోటుపుస్తకం తెరిచి
"మీ చెక్కకి కొలతలేవి?" అన్నాడు.
నాన్న చెక్క అతని చేతిలో పెట్టి
కాసేపు మొయ్యమన్నాడు.
ఆపడం ఇనుముకి వచ్చు.
తిప్పడం ఇంకా రాలేదు.

ఈ ఏడు నాన్న మోకాలు లేవనంది.
తమ్ముడు తిరుప్పూరు బనియన్ల కంపెనీలో,
సెలవు దొరికింది ఒక్క పండగరోజుకే.
చక్రం దగ్గరికి ఆడపిల్ల రాకూడదు.
బాడిశ దగ్గరికి రాకూడదని
ఎవరూ చెప్పలేదు.
నలభై చెక్కలు.
బొబ్బలు అణిగి కాయలు కాసేదాకా.

విసిరింది తమ్ముడు.
నేను ఎవరి మేడమీదో
జనంతోపాటు పైకి చూడలేక
కిందికే చూస్తున్నాను.
తేరు తిరిగింది.

రాత్రి నలిగిన ముక్కల్ని గోనెలో తెచ్చుకున్నాం.
పొయ్యిలో ఆముదం వాసన, చిటపటలు,
వాటిమీదే సాంబారు.
ఒక్కదాన్ని మాత్రం దాచాను,
వీపుమీద ఇనుప అంచు లోతుగా దిగినదాన్ని.
గాలికి తలుపు కొట్టుకుంటుంటే
దానికింద దోపాను.

నాన్న మంచంమీంచి చూశాడు.
చాలాసేపు చూశాడు.

"ఏటవాలు
కొంచెం ఎక్కువైంది" అన్నాడు.