పన్నెండు సెకన్లు

కరెంటు పోతే నాకు చెవికంటే ముందు
వీపుకి తెలుస్తుంది.
పదకొండేళ్లు రొయ్యల గుంట కట్ట మీద పడుకున్నవాణ్ణి,
ఏరియేటర్లు నీళ్లు కొడుతున్నంతసేపు నిద్ర,
ఆగితే మెలకువ.

ముత్తుకూరు దాటాక, ఉప్పుటేరు ఒడ్డున
కిటికీలు లేని తెల్ల బిల్డింగు లేచినప్పుడు
ఇంజినీరు తస్లీమా మేడం అడిగింది, "ఏం వచ్చు?"
"ఇంజను చప్పుడు విని ఏ నాజిల్ కారతా ఉండాదో చెప్తా."
ఐటీఐ కాగితం కట్ట మీది పాకలోనే చెమ్మకి పోయింది.
ఆమె కాగితం అడగలేదు,
జనరేటర్ల షెడ్డులోకి తీసుకుపోయి
కళ్లు మూసుకోమంది.

లోపల ఏముందో నాకు సగమే తెలుసు.
నా కార్డుకి మూడో తలుపు తెరుచుకోదు.
అద్దంలోంచి చూస్తే నల్ల బీరువాల వరస,
వాటి నిండా చిన్న చిన్న దీపాలు,
అమావాస్య రాత్రి టార్చి వేస్తే
గుంటలో రొయ్యల కళ్లు మెరిసినట్టు.
ఇంకా గుంటల్నే నమ్ముకున్న మా మేనల్లుడు పెంచల్‌బాబు అడిగాడు:
"ఆడ ఏం పెంచతారు మామా?"
"వేడి పెంచతారు రా.
మేం రేయింబగళ్లు దాన్ని తోడి బయట పోస్తాం."

ఉప్పు గాలికి కంపెనీ పేరుతో పన్లేదు.
ఆరు నెలల్లో చిల్లర్ రేకుల్ని అప్పడాలు చేసి పెడుతుంది.
పదిహేను రోజులకోసారి మంచినీళ్లతో కడగాలి.
మంచినీళ్లు.
అక్కడొచ్చింది చిక్కు.
మా వీధి బోరు ఉప్పెక్కి నాలుగేళ్లు,
ఉప్పెక్కించిన గుంటల్ని తవ్విన పారల్లో నాదీ ఒకటి.
ట్యాంకరు గేటులోకి తిరుగుతుంటే
ఖాళీ బిందెతో అడ్డం నిలబడిన మస్తానమ్మక్క
నన్నే చూసింది.
చొక్కా జేబు మీద కుట్టిన పేరుని
అరచేత్తో మూసుకున్నా.

తస్లీమా మేడం ఎన్ని కాగితాలు రాసిందో, ఎవరితో గొడవ పడిందో,
ఇప్పుడు ఏటి నీళ్లే శుద్ధి చేసి వాడుతున్నాం.
పొద్దున గంటసేపు మా వీధి కొళాయికీ వస్తాయి.
గంటే.
మస్తానమ్మక్క మళ్లీ పలకరిస్తోంది,
బిందె నిండేదాకా.

తుఫాను రాత్రి రెండు లైన్లూ ఒకేసారి పడ్డాయి.
బరువు బ్యాటరీలు మోస్తుంటాయి,
పన్నెండు సెకన్లలో ఇంజన్లు అందుకోవాలి, అదీ లెక్క.
ఒకటోది అందుకుంది. రెండోది అందుకుంది.
మూడోది దగ్గింది,
దగ్గి ఊరుకుంది.
ఆ దగ్గు నాకు తెలుసు, డీజిలు పైపులో గాలి.
స్పానరు వెతికిందీ, నట్టు వదులు చేసిందీ,
బుడగలు పోయి డీజిలు మొహాన చిమ్మిందీ
గుర్తులేదు. చేతులు చేసుకుపోయాయి.

అప్పుడు మోగింది ఫోను.
"మామా, మా ఇంజనుకి డీజిలైపోయింది.
నలభై లీటర్లుంటే తెల్లారేదాకా లాగతా."
నా కాళ్ల కింద, భూమిలో, ఇరవై వేల లీటర్లు.
దానికి మీటరు, తాళం, కెమెరా.
తాళంచెవి నా మొలతాడుకే ఉంది.
"రోడ్డు మీద చెట్లు పడుండాయి రా" అన్నాను.
చెట్లు పడ్డ మాట నిజమే.

ఆ రాత్రి లోకంలో ఎవరి ఫోటో ఆగలేదు,
ఎవరి డబ్బూ దారిలో చిక్కుకోలేదు.
ఎవరికీ ఏమీ తెలియకపోవడమే
మా పనికి దక్కే మెప్పు.

తెల్లారి కట్ట మీదకి పోయా.
వారంలో పట్టుబడికి రావాల్సిన పంట
గాలి తోసిన మూలకి తెల్లగా తేలి ఉంది.
పెంచల్‌బాబు వలతో తోడి గట్టున పోస్తున్నాడు.
నా వైపు చూడలేదు.
నేనూ ఒక వల అందుకున్నా.

శనివారం గేటు దగ్గరకి వచ్చాడు, ఇస్త్రీ చొక్కాతో.
లోపల వారం పరీక్షకి ఇంజన్లు తిరుగుతున్నాయి.
"ఈడ చెవుంటే చాలంట గదా" అన్నాడు,
మామా అనలేదు.
తల ఒరగేసి కాసేపు విన్నాడు.
"మూడోది ఇంకా దగ్గతానే ఉండాది."