స్టేజీకీ స్టేజీకీ మధ్య

డిపో డాక్టరమ్మ రాసిచ్చిన చార్టు
క్యాష్ బ్యాగులో నాలుగు మడతలై ఉండాది.
పదకొండింటికి ఒక జామకాయ అంటాది అది.
పదకొండింటికి నేను పూతలపట్టు దగ్గర
ఎనభై మంది మధ్యలో
ఇరుక్కున్న నా చెయ్యి నేనే పీక్కుంటా ఉంటాను.
రాత్రి ఎనిమిదికల్లా భోంచేయమంటాది.
ఎనిమిదికి నా బండి చంద్రగిరి దాటదు.

డిపో గోడ మీది డ్యూటీ చార్టుకీ
ఈ కడుపు చార్టుకీ
ముందు నుంచీ మాటల్లేవు.

సున్నా టికెట్లు వచ్చినాక
బస్సు నిండా ఆడోళ్లే. మంచిదే.
సీట్ల మధ్య దారి మాత్రం
నేను ఉద్యోగంలో చేరిన నాడు ఎంతో ఇప్పుడూ అంతే.
పెరిగింది నేను.
పక్కకి తిరిగితే పొట్ట, తిన్నగా పోతే నడుము,
ఏదో ఒకటి ఎవరి భుజానికో తగల్తాది.
"కొంచెం జరగండమ్మా" అన్నప్పుడంతా
ఆ మాట తిరిగొచ్చి నాకే తగల్తాది.

మొన్న చిత్తూరు బస్టాండులో
లైట్లు తిరిగే బరువు మిషనెక్కినా.
పొద్దస్తమానం టికెట్లు కొట్టేదాన్ని,
నాకూ ఒక టికెట్టు రాలింది:
ఎనభై రెండున్నర.
వెనక జాతకం - త్వరలో మీకు దూరప్రయాణం.
డ్రైవరు చెంగల్రాయులు అది చదివి
స్టీరింగు మీద వాలిపోయి నవ్వినాడు.

ఏం తినాలో తెలీక కాదు.
మా అవ్వ రాగిసంగటి, చింతాకు పులుసుతో
చువ్వ మాదిరి బతికింది.
అది ఆమె గొప్పేం కాదు,
ఆ ఇంట్లో ఇంకోటి లేదు.
నాకు ఇంకోటి ఉండాది. బస్టాండు మూల అంగట్లో
సలసల కాగే నూనెలో తిరగబడతా ఉంటాది.
ఆ బోండాలాయనకి నా డ్యూటీ టైములు
నా మొగుడికన్నా బాగా తెలుసు.

అందుకే ఇప్పుడు
రోలు అయిపోయేటప్పుడు వచ్చే ఎర్రచార కాయితం చించి
దాని వెనక వారం రాస్తాను.
కోట కనపడేసరికి సోమవారం: కొర్రన్నం, మునగాకు పప్పు.
పనపాకంలో ఎవరో ఐదొందల నోటు చాపితే
మంగళవారం సగంలో ఆగిపోతాది.
గాదంకి దగ్గర మళ్లీ అందుకుంటా -
అలసందలు. రాత్రే నానబెట్టాల.
నానబెట్టాల అనే మాట కింద రెండు గీతలు.
వంట కష్టం కాదు నాకు.
నిద్ర ముంచుకొచ్చే రాత్రిలో నిలబడి
రేపటి నన్ను తలుచుకోవడం కష్టం.

"ఏందిమే రాస్తా ఉండావు, పద్దా?"
పూతలపట్టులో ఎక్కిన ముసలామె,
కాళ్ల దగ్గర అనపకాయల మూట.
"తిండి పద్దు అవ్వా."
"ఈ నెలలో పితికిపప్పు లేకుండా ఏం పద్దు అది?"
"ఒలిచేదానికి, పితికేదానికి టైము యాడిది నాకు?"

ఆమె జవాబు చెప్పలేదు.
మూట ముడి విప్పి
పక్కామె కొంగులో ఒక దోసెడు పోసింది,
వెనక సీటు కాలేజీ పిల్లకి ఒక దోసెడు.
చంద్రగిరి వచ్చేసరికి
మూడు వరసల్లో గోళ్లు పచ్చబడినాయి,
నా టిఫిను డబ్బా గింజలతో నిండింది.
డబ్బులిస్తే ఆమె లెక్కబెట్టుకునే తీసుకుంది.
బస్సు ఊడ్చే మునెయ్య ఆ పొట్టు చూసి
నన్నేమన్నాడో ఇక్కడ రాయను.

ఆ రాత్రి నానబెట్టినా.
మర్నాడు పితికినా.
తిన్నది తొమ్మిదీ ముక్కాలుకి,
అదీ రెండోసారి వడ్డించుకొని.
చార్టులో ఎనిమిది కొట్టేసి
నా టైము రాసుకున్నా.
ఈ వారం మిషనెక్కలేదు.

గురువారం రాసిన కాయితం మాత్రం
పనపాకంలో దిగినాయనకి
చిల్లరతో పాటు పొరపాటున ఇచ్చేసినా.
ఈపాటికి ఆయనింట్లో
ఎవరో ఉలవలు నానబెట్టి ఉంటారు.