రబ్బరు లేని బల్ల

నా బల్ల మీద రబ్బరు ఉండదు.
గొప్పకి కాదు.
ఎప్పుడో ఒకటి కొన్నాను, పిల్లి ఎత్తుకుపోయింది,
మళ్ళీ కొనలేదు, అంతే.

సిరాబుడ్డి. రెండు మంచి పాళీలు.
వంకరపోయిన పాళీ ఇంకొకటి,
దాన్ని పారేయను,
ముసలివాళ్ళ మెడలు దానితోనే బాగా వస్తాయి.

పొద్దున్నే ఆరింటికి కిటికీ తెరిస్తే
త్రియెస్తె రేవులో క్రేన్లు
నాకంటే ముందే లేచి
ఆకాశానికి గళ్ళు కొడుతుంటాయి.
చెయ్యి వేడెక్కడానికి వాటినే గీస్తాను,
కాగితం వంక చూడకుండా, గబగబా పది.
పెనం మీద మొదటి అట్టు తీసేసినట్టు
పదీ తీసేస్తాను.

అద్దె కట్టే బొమ్మలు వేరే ఉన్నాయి.
ఉప్పుచేపల డబ్బా మీద చేపలు,
కట్టుడుపళ్ళ డాక్టరు కొసూత గారి కరపత్రానికి దవడలు.
ఆయన గీచి గీచి బేరమాడతాడు.
"నాలుగు గీతలే కదమ్మా!"
నాలుగే, డాక్టరుగారూ.
ఐదోది గీయకుండా ఆగినందుకే
ఆ డబ్బులు.

బజారులో జనం పడేసిన సరుకుల చీటీలు
ఏరుకుంటాను. అదొక పిచ్చి.
ఏం కొన్నారో నాకనవసరం,
"ఉల్లిపాయలు" దగ్గర నిదానంగా ఉన్న చెయ్యి
"కొవ్వొత్తులు" దగ్గర ఎందుకు తొందరపడిందో
అది చూడ్డానికి.

జూన్ రాగానే పాత స్నానాల తీరానికి పోతాను.
ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ మధ్య తెల్లగోడ.
గులకరాళ్ళ మీదుగా వచ్చి, సముద్రంలోకి కొంత దిగి,
మనసు మార్చుకున్నట్టు ఆగిపోతుంది.
గోడకి ఇవతల ఓందినా, ఆమె చెల్లెలు నివెస్,
ఇద్దరూ ఎనభై దాటినవాళ్ళు,
పైబట్టలు తీసేసి పేకాడుతుంటారు.
ఆ పొట్టల మడతలు గీసేటప్పుడు
ఊపిరి బిగబడతాను.
ఏ పడుచుదాని నడుమూ నా పాళీని
అంత దూరం నడిపించలేదు.
"కాస్త సన్నగా గీయవే" అంటుంది నివెస్.
"గీత సన్నదేనే" అంటాను.

అవతలినుంచి నివెస్ మొగుడు తుల్లియో కేకేస్తాడు,
తువ్వాలు మర్చిపోయాడట, రోజూ మర్చిపోతాడు.
గోడ మీదుగా తువ్వాలు ఎగురుతుంది.
గాల్లో ఒక్క క్షణం అది తీసుకునే వంపు,
పదకొండుసార్లు గీశాను.
రాలేదు.

చలికాలం బోరా గాలి వీచినప్పుడు
వీధి మలుపుల్లో తాళ్ళు కట్టేవారు, జనం పట్టుకు నడవడానికి.
ఏడేళ్ళప్పుడు నేనూ పట్టుకున్నాను, అరచెయ్యి కొట్టుకుపోయింది.
"నేను రోజూ కాగితం మీద వెతికేది ఆ తాడునే"
అని ఒక పత్రికాయనతో అన్నానొకసారి.
అచ్చులో చూసుకున్నాక
వారం రోజులు ఇల్లు కదల్లేదు, సిగ్గుతో.

గీత సంగతి మా అమ్మమ్మని అడగాలి.
ఆమెది కొండమీద రాళ్ళ ఊరు.
యుద్ధం అయిపోయాక
ఒక అధికారి మ్యాపుతో, ఒక సిపాయి సున్నం బకెట్టుతో వచ్చి
ఇంటికీ పశువులపాకకీ మధ్య
దేశం గీశారట.
ఇల్లు ఇటు. ఆవు అటు.
దారిలో పొదుగు మీదున్న కోడి లేవనంది.
సిపాయి చుట్టూ చూసి, అధికారి అటు తిరిగినప్పుడు
కోడి పక్కనుంచి జానెడు వంపు తిప్పి
మళ్ళీ తిన్నగా పోయాడట.
పాలు పితకడానికి కాగితాలు చూపించాల్సొచ్చిన రోజుల్లో కూడా
అమ్మమ్మ ఆ సిపాయిని తిట్టలేదు.
"ఎడమచేతివాటం, పాపం" అనేది, అదేదో కారణమన్నట్టు.
నేను చూసేనాటికి సున్నం లేదు,
చోటు మాత్రం కాలితో చూపించేది.

ఈ శరదృతువులో నా కుడిచెయ్యి వణకడం మొదలెట్టింది.
మాత్ర వేసుకుంటే గీత తిన్నగా వస్తుంది,
కొసూత గారి దవడలకి పనికొచ్చేలా.
ఆదివారాలు వేసుకోను.

మొన్న ఆదివారం
పన్నెండోసారి తువ్వాలు గీశాను.
తువ్వాలులా లేదు.
కోడిలా ఉంది, లేవనన్న కోడిలా.
ఉంచేశాను.