టోకెను

పదకొండేళ్ళు అలిపిరిలో
చెప్పుల కౌంటరు కాసినాను.
ఇప్పుడు బైరాగిపట్టెడలో
ఫర్జానా డాక్టరమ్మ దగ్గిర చీటీలు రాస్తాండాను,
పాదాల క్లినిక్కులో.
పని పెద్దగా మారలేదు.
వాసన కూడా.

డాక్టరమ్మ ముందు కాలు చూడదు,
చెప్పు తిరగేస్తాది.
మడమ కాడ ఏ పక్క అరిగిందో,
బొటనవేలు ఎంత లోతు గుంత తవ్విందో చూసి
"ఎడమకాలు ఈడుస్తావు కదా" అంటాది
ఇంకా నోరు తెరవని మనిషితో.
నేనైతే వేల జతలు మోసినాను,
ఒక్క జతా నాతో మాట్లాడలేదు.

లీలామహల్ సర్కిల్లో నిలబడే కానిస్టేబులు
పొద్దున్నే మంచం దిగితే మడమలో మేకంట,
పదడుగులు వేస్తే మేకు మాయమంట.
"నాటకాలంటాది మా యింటామె" అని తల దించుకున్నాడు.
అరికాలి పట్టీ వాచిందని చెప్పి
నీళ్ళసీసా గడ్డకట్టించి కాలి కింద దొర్లించమనింది,
మంచం దిగే ముందు తువ్వాలుతో వేళ్ళు వెనక్కి లాగమనింది.
సూది రాస్తాదని వచ్చినోడు
కొంచెం నిరాశగా పోయినాడు.

మామిడి గుజ్జు ఫ్యాక్టరీ పిల్ల, చిత్తూరు బస్సు దిగి,
తోతాపురి సీజనంతా నీళ్ళలో నిలబడి
వేళ్ళ సందులు నానిన అటుకులై వచ్చింది.
"పూత మందు రెండోది.
మొదటి మందు పొడి గుడ్డ.
చంటిబిడ్డ చెవి వెనక తుడిచినట్టు తుడువు."

ఆనెకాయల్ని బ్లేడుతో కోసుకునేవాళ్ళు రోజుకు ఇద్దరు.
వాళ్ళని మాత్రం తిడతాది.
"ఇరుకు చెప్పుకి చర్మం గోడ కట్టుకునింది.
గోడ పడగొట్టి ఇరుకునట్లనే ఉంచితే మళ్ళీ కట్టదా?"

గంగజాతరకు వేషం కట్టే పిల్లోడికి
గోరు కండలోకి దిగి చీము పట్టింది.
గోరుచుట్టు మీద రోకటిపోటంటారు,
వీడికి గోరుచుట్టు మీద జాతర.
అవ్వ పూసిన సున్నం, పసుపు కడిగి,
వేలికి మత్తిచ్చి,
బియ్యపుగింజంత గోరుముక్క తీసి చూపించింది.
"ఇంతేనా!" అన్నాడు వాడు, మోసపోయినట్టు.

ఆ గురువారం చెంగల్రాయుడొచ్చినాడు.
మెట్లదోవలో మజ్జిగ అమ్ముతాడు,
షుగరు పదిహేనేండ్లుగా.
నాపరాళ్ళ మీద నెత్తుటి అడుగులు చూసి
భార్య మునెమ్మ లాక్కొచ్చింది.
"నొప్పి లేదు కదమ్మా, ఇంకేం?"
డాక్టరమ్మ మాట్లాడలేదు.
నైలాను పోగొకటి తీసింది, గాలానికి కట్టే దారమంత.
"కండ్లు మూసుకో పెద్దాయనా. తగిలితే చెప్పు."
"ఆఁ."
"ఆఁ."
"ఆఁ."
పోగు ఇంకా గాలిలోనే ఉండాది.

నేను రిజిస్టర్లోకి చూసినాను.
మునెమ్మ కొంగు నోట్లో పెట్టుకునింది.
కండ్లు తెరిచి మా మొగాలు చూసి
ఆయనే అన్నాడు మెల్లగా:
"అడిగేది ఆడబిడ్డ, లేదంటే బాధపడతాదని…"

అరికాల్లో రూపాయంత పుండు.
చెప్పులో పైకి లేచిన మేకు, తుప్పుది,
ఎన్నాళ్ళనించో పొడుస్తానే ఉండాది,
ఆయన వినలేదు.
చచ్చిన చర్మం చెక్కి, కడిగి, కట్టు కట్టి,
బరువు పుండు మీద పడకుండా దూదిమెత్త అతికించి
ఎం.సి.ఆర్. చెప్పులు తొడిగింది.
ఆరు వారాలు మెట్లు వద్దనింది.
రోజూ రాత్రి అద్దం నేల మీద పెట్టి
అరికాలు చూసుకోమనింది.
"మొగం చూసుకునేదే మానేస్తిని గదమ్మా" అన్నాడు.

పాత జత క్లినిక్కులోనే మిగిలిపోయింది.
అలవాటు పోలేదు నాకు,
సుద్దముక్కతో నంబరేసి మూల పెట్టినాను.

తరువాతి వారం కట్టు మార్పించుకుని
నా బల్ల కాడ నిలబడినాడు.
"ఆ పాతవి ఇచ్చెయ్ పాపా,
కాలికి అలవాటైనవి."
మూలలోనే ఉండాయి. ఆయనకి కనిపిస్తానే ఉండాయి.
"టోకెను ఉందా?" అన్నాను.

చెంగల్రాయుడు చాలాసేపు
జేబులు వెతుక్కున్నాడు.