మూగ బటన్

వాల్పరైసో రేవు ఆఫీసు, రాత్రి పదకొండు.
'పంపించు' బటన్ ఉలకదు, పలకదు.
దాని కోడ్‌లో తప్పు లేదు. కోడే రెండు వరుసలు;
తక్కిన నడవడికంతా పైవాళ్ళది.

ఎతెల్వీనా కొండరైలు ఎక్కినట్టు
ఒక్కో క్లాసూ పైకెక్కింది.
బటన్‌కు పైన వెబ్ కంట్రోల్: రంగూ అంచూ దానివి.
అన్నిటికన్నా పైన ఉత్త కంట్రోల్,
రూపం లేనిది,
ఒక పేరూ, పిల్లలకు కాస్త చోటూ తప్ప.

ఆ రెంటి నడుమ ఎవరో ఇరికించిన తరం.
ఒకే నియమం: ఓడ రేవు చేరేదాకా మూగగా ఉండు.
పక్కన తొమ్మిదేళ్ళనాటి పొడి అక్షరాలు.
తనవే.

చెరపబోయి ఆగింది.
కింద నలభై బటన్లు. ఈ మూగతనం మీద
ఏ లెక్క నిలబడి ఉందో.

టీ చల్లారింది.
ఆ బటన్ ఒక్కదాని చెవిన వేసింది:
నువ్వు మాత్రం అమ్మమ్మ మాట వినకు.