ఆది రవిక

నారాయణపేట బజార్ల
జిలానీ మాస్టర్ కొట్టు మీద నా ఒక్క గది.
కింద కుట్టుమిషన్, పైన నా కంప్యూటర్.
రాత్రయితే రెండూ ఒక్క తీరుగ గురగురమంటయి.

నేను కుడుతున్నది ఒక దుబాషిని.
ఒక్కో వరుస విని, యంత్రానికి దాని మాటల
అప్పటికప్పుడు చెప్పేటోన్ని.
కుట్టేది ఇక్కడ. నడవాల్సింది
సాబన్న జేబుల ఉన్న, అద్దం పగిలిన ఫోన్ల.
నా మిషన్ మీద అది అడుగు గూడ వెయ్యదు.
నడిపి చూసిన.
ఈ రాత నాకు తెల్వదన్నది, గంతే.

మొదటి దినమే కాన్ఫిగర్ మొండికేసింది:
నడిపి చూసే వీలు లేదు, నువ్వే చెప్పు.
అక్కడ అంకెకు ఎన్ని బైట్లు?
చిన్న కొస ముందా, పెద్ద కొస ముందా?
దశాంశాలు ఎట్ల దాస్తరు?
పోని ఊరి సంగతి నన్నడుగుతది.
తెలిసినట్టే రాసిచ్చిన.
మూడో జవాబు తప్పు.
అది బయటపడనీకి నాలుగు దినాలు పట్టింది.

మనిషి లేకుండ ఎట్ల కుడ్తవ్ మాస్టర్, అని అడిగిన.
నోట్ల గుండుసూదులు పెట్టుకొనే
"ఆది రవిక ఉంటది గదమ్మా" అన్నడు.
యాద్గిర్ దిక్కుకెల్లి కన్నడంల,
కోయిల్‌కొండకెల్లి తెలుగుల,
ఇంట్లకెల్లి ఉర్దూల కొలతలొస్తయి ఆయనకు.
టేపు మాత్రం ఇంచులల్లనే మాట్లాడ్తది.

సాబన్న ఫోన్ అడుక్కొని
దాని హెడర్లు, లైబ్రరీలు ఉన్నవి ఉన్నట్టు
ఒక ఫోల్డర్ల పరుచుకున్న.
ఇంకోటి గూడ ఎరుకైంది:
అక్కడి దుబాషి పుట్టాలంటే
ముందుగాల ఇక్కడ ఒకడు పుట్టాలె,
వాని పని చేసి పక్కకు జరగాలె.
ఆ మొదటోనికి నేను పేరు గూడ పెట్టలే.

లింకర్ ఒకటే పేరు దొరుకుతలేదని
నూట పద్నాలుగు సార్లు మొత్తుకున్నది.
కరెంటు పోయి సగం బిల్డు మట్టిల కలిసింది.
తొమ్మిదో రాత్రి కేబుల్ పెట్టి పంపిన.
నల్ల తెర.
మూడు బాణం గుర్తులు,
పక్కన మిణుకు మిణుకు.

తెల్లారి వాళ్ళింట్ల, మగ్గం పక్కన కూసున్న.
రెండూ రెండూ ఎంతని సాబన్న అడగలే.
వాళ్ళమ్మ నేసిన చీరెలు, చీరెకింత కూలి,
సేటు పట్టుకున్న నూలు బాకీ,
బొటనవేలితోని ఐదు వరుసలు రాసిండు.
దుబాషి ఒక్కొక్కటి చదివిండు,
భయం లేదు, మొహమాటం లేదు.
సేటు చిట్టీ మీద ఉన్నదాని కన్న
ఆరొందల నలభై ఎక్కువ చెప్పిండు.

చీరెలు మడుచుకుంట సేటు నవ్విండు:
"ఫోన్ల లెక్కలు తప్పుతయ్ రా."
సాబన్న నా దిక్కు చూసిండు.
మూడో జవాబు యాదికొచ్చి
నా కడుపుల జల్లుమన్నది.
వాళ్ళమ్మ గుంతలకెల్లి లేవలే,
నాడె చేతుల ఉండంగనే అన్నది:
"మల్లోసారి నడిపియ్యి."