సగం నెమలి

మెట్ల కింద నాలుగడుగుల గది.
ఆ మూల నిలబడితే నెత్తికి మెట్టు,
ఈ మూల నిలబడితే మోచేతికి కొళాయి.
ఉల్లివీధిలో అద్దె ఇల్లు మాది,
ముందు వాకిలి లేదు, వెనక పెరడు లేదు.
మొన్నటిదాకా దీనికి గోనెపట్టా పరదా,
ఈ ఏడే రేకు తలుపు, లోపల గడియ.

తొలేళ్ళకి ఇంకా రెండ్రోజులు.
బొండపల్లి నుంచి, మెంటాడ నుంచి, గజపతినగరం నుంచి
పందొమ్మిది మంది దిగుతారు.
పడుకోడానికి మేడ మీద చాపలున్నాయి,
తినడానికి బస్తా బియ్యం దించాం,
స్నానానికి మాత్రం ఇదొక్కటే.
మా ఆయన వేళ్ళు మడిచి లెక్కేశాడు:
మనిషికి పది నిమిషాలనుకున్నా
ఆఖరివాడి ఒంటి మీద నీళ్ళు పడేసరికి
సిరిమాను కోట దాకా పోయి తిరిగొచ్చీసుంటాది.

శనివారం మిషను మూసీసి
చీర కుచ్చిళ్ళు ఎగదోపుకున్నాను.
బ్లీచింగు పొడి చల్లి కొబ్బరిపీచుతో తోమితే
పాచి కింద గచ్చు,
గచ్చులో, తడారకముందు ఎవరో వేలితో రాసిన పేరు:
కన్నయ్య.
అక్కడ మాత్రం గట్టిగా తోమలేదు.

సున్నంలో నీలిమందు ఎక్కువైపోయింది.
ఆకాశం అవుతాయనుకున్న గోడలు
బడిపిల్లల చొక్కాలయ్యాయి.

టైల్సు కొట్టు వెనక చెత్తలో
మా వాడు ఏరుకొచ్చినవి పదకొండు పలకలు,
ఏ రెండూ ఒక రకం కావు.
ఒకదాని మీద నెమలి, మెడ వరకే.
తల ఉన్న పలక ఎవరింటికి పోయిందో.
సరిగ్గా కొళాయి కింద అతికించి
"నీళ్ళు పడితే ఆడతాదమ్మా" అన్నాడు.

మిగిలిన జాకెట్టు గుడ్డల్ని మూడు మూలలుగా కత్తిరించి
దారానికి గుచ్చుతుంటే మా ఆయన నవ్వు:
"నీళ్ళగదికి తోరణవేటే, కలెక్టరొస్తాడేటి?"
ఏ ముక్క ఎవరిదో నాకు తెలుసు.
ఎర్రది బ్యాంకు మేడంది.
గళ్ళది కూరగాయల చిన్నమ్మిది, కుట్టుకూలి ఇంకా బాకీ.

కిటికీ అని మేం పిలుచుకునే ఇటికల సందులో
ఖాళీ కొబ్బరినూనె సీసా,
అందులో చంపావతి ఒడ్డున కోసిన రెల్లు.
తడి తగిలితే ముడుచుకుపోతుందని తెలిసే పెట్టాను.

ఆఖర్న, విరిగిన బీరువా తలుపుది,
నిలువెత్తు అద్దం ముక్క. అంచులకి టేపు వేశాను.

సోమవారం.
పందొమ్మిది కాదు, ఇరవై మూడు.
చెంబు గొడవ, సబ్బు గొడవ,
గుమ్మంలో ముగ్గు ఐదో మనిషి కాళ్ళతోనే పోయింది.
బంతిదండ కాలవలో తేలింది.
గోడ వంక ఎవరూ చూళ్ళేదు.
మరిది ఒక్కడే బయటికొచ్చి
"వదినా, నెత్తి బొప్పి కట్టింది" అన్నాడు.

అప్పుడు వెళ్ళింది మా పెద్దాడపడుచు అసిరమ్మ.

పది నిమిషాలు. ఇరవై.
తలుపు మీద ఒకరు వేలితో, ఒకరు అరచేత్తో.
లోపల నీళ్ళ చప్పుడే లేదు.
మోకాళ్ళ నొప్పుల మనిషి, జారిందేమో.
రేకు సందుకి నోరు పెట్టి
"వదినా" అన్నాను.

"ఉన్నానే."
ఆ గొంతు అంత మెత్తగా ఎప్పుడూ వినలేదు.
"బోరింగు కాడ చీర కట్టుకునే కదే పోసుకుంటాం,
యాభై ఏళ్ళు.
నా నడుం మీద మచ్చ ఉందని మాయమ్మ అనీది.
ఇయ్యాల చూసినాను."

నేను వెనక్కి తిరిగి
బకెట్లన్నిటికీ వినబడేలా చెప్పాను:
"కొళాయి ఆగిపోయింది. కాసేపు కూకోండి."
అబద్ధం. పండగ పూట, తలంటుకోకుండానే.

చాలాసేపటికి గడియ తీసింది.
భుజాన ఒక రెల్లు ఈనె అంటుకుని ఉంది.
జుట్టు దులుపుకుంటూ అడిగింది:
"ఆ నెమిలి తలేదే?"
"ఎవరింట్లోనో ఉండుంటాది వదినా."
"ఆళ్ళకి తోకేదో మరి,"
అనుకుంటూ మేడ మెట్లెక్కిపోయింది.

తర్వాతి మనిషి బకెట్టుతో లోపలికి దూరాడు.
మెట్టు తగిలిన చప్పుడు.